ఫిఫ్త్‌వీల్ క్యాంపర్ వెనక చిన్న పడవ కూడా తగిలించి లాగొచ్చా?

పాత_ఫోర్‌మన్ (కె.ఆర్.పురం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపో దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. 40 అడుగుల ట్రైలర్లు, కింగ్‌పిన్‌లు, గ్రీజు, వెల్డింగు, వీటి మధ్యే వయసు గడిచింది. అయితే ఇప్పుడు అడిగేది లారీ సంగతి కాదు.

మా అబ్బాయి టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాడు. వాడికి 30 అడుగుల ఫిఫ్త్‌వీల్ క్యాంపర్ ఉంది. చూడనివాళ్ల కోసం చెబుతున్నా: మంచం, వంటగట్టు, బాత్‌రూం అన్నీ లోపలే ఉండే ట్రైలర్ అది. మామూలు ట్రైలర్‌లా బండి వెనక కొక్కేనికి తగిలించరు. దాని ముక్కు పికప్ ట్రక్కు తొట్టి మీదికి వస్తుంది. ముక్కు కింద ఉండే లావు ఇనప కడ్డీ, అంటే కింగ్‌పిన్, వచ్చి తొట్టిలో బిగించిన ప్లేటులో కూర్చుంటుంది. మన కంటైనర్ ట్రైలర్లది కూడా ఇదే పద్ధతి, కాకపోతే సైజు పెద్దది.

ఈ మధ్య వాడు 14 అడుగుల అల్యూమినియం పడవ కొన్నాడు. వెనక 20 హార్స్‌పవర్ మోటారు. పడవకి దాని సొంత చిన్న ట్రైలర్ ఉంది. అంతా కలిపి 800 పౌండ్లు, అంటే 360 కిలోల పైచిలుకు. క్యాంపర్ సామాను నింపితే 11,000 పౌండ్లు, దాదాపు 5 టన్నులు. వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. క్యాంపర్ వెనక హిచ్, అంటే తగిలించే కొక్కెం, పెట్టించి దానికి పడవ తగిలించి, అందరం ఒకే బండిలో లేక్ టెక్సోమాకి, అక్కడి నుంచి ఓక్లహోమాలో బ్రోకెన్ బోకి వెళ్దామని వాడి ప్లాను. దీన్ని అక్కడ డబుల్ టోయింగ్ అంటారట.

5 టన్నులు లాగే బండికి 360 కిలోలు ఒక లెక్కా అంటాడు మావాడు. నాకూ బరువు గురించి పెద్ద భయం లేదు. కానీ అక్కడో వెల్డరు క్యాంపర్ వెనక బంపర్‌కే కొక్కెం దూర్చే రిసీవర్ ట్యూబు అతికిస్తానన్నాడట, గంట పనేనట. ఫొటో పంపించమన్నాను. ఆ బంపరే 4 అంగుళాల చదరపు గొట్టం, మందం చూస్తే రేకుకి ఎక్కువ, పైపుకి తక్కువ. మురుగునీళ్ల పైపు మడిచి ఆ గొట్టంలోనే దాచుకుంటారట! మా వర్క్‌షాపులో ఎవడైనా దానికి హుక్కు అతికిస్తే ఆ పూటే ఇంటికి పంపేవాణ్ణి.

చట్టం ఒప్పుకుంటుందా? రివర్స్ ఎలా తీస్తారు? ఇది నిజంగా చేసినవాళ్లు, లేదా చేసినవాళ్లని చూసినవాళ్లు ఉంటే చెప్పండి. మా ఆవిడ ప్రశ్న కూడా ఒకటుంది, తప్పకుండా రాయమంది: "సొంత పడవ లేకపోతే చేపలు పడవా?"

బెళ్లందూర్_బాటసారి (బెంగళూరు)

అంకుల్, పడవ అక్కడే అద్దెకి తీసుకోండి. టెక్సోమా చుట్టూ మరీనాలు, అంటే పడవల రేవులు, ఉన్నాయి. ఇంత టెన్షన్ దేనికి?

తిరిగొచ్చిన_పిట్ట (సర్జాపూర్ రోడ్, బెంగళూరు)

ఫోర్‌మన్ గారూ, నమస్తే. ముందు మీ ఆవిడగారికి జవాబు: పడతాయండీ. టెక్సోమా స్ట్రైపర్ చేపలకి పేరు మోసిన చోటు. గైడ్‌కి డబ్బులిస్తే పడవ, గాలం, ఎర అన్నీ వాళ్లవే. పడవ కావాల్సింది చేపల కోసం కాదు, మగవాళ్ల కోసం. ఆ సంగతి ఆవిడకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మేం టెక్సస్‌లోనే, ఫ్రిస్కోలో చాలాకాలం ఉండి వచ్చేశాం. మాకూ ఫిఫ్త్‌వీల్ ఉండేది, పడవా ఉండేది. రెండూ ఒకే బండికి తగిలించాలని మా ఆయన పట్టుపట్టారు, నేను కుదరదన్నాను. మీ పోస్టు చదువుతుంటే మా భోజనాల బల్ల దగ్గర వాదన మళ్లీ మొదలైనట్టుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

బంపర్ గురించి మీ అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ గొట్టం పైపు దాచడానికీ, స్టెప్నీ తగిలించడానికీ పెట్టింది. హిచ్ పెట్టాలంటే క్యాంపర్ అడుగున పొడవునా ఉండే రెండు ఛాసిస్ పట్టాలకి పెట్టాలి. అక్కడ కూడా ఒక తిరకాసు ఉంది. కొన్ని క్యాంపర్లలో వెనక చివరి భాగం పట్టాలు అసలు పట్టాలంత మందం ఉండవు, తరవాత అతికించిన పలచటి ముక్కలు. మీ అబ్బాయిని కింద దూరి చూడమనండి, లేదా వీడియో కాల్‌లో మీకు చూపించమనండి. మీ కన్ను పట్టుకున్నది ఆ వెల్డరు కన్ను పట్టుకోదు. రెండో హిచ్ పెడితే వారంటీ చెల్లదని కొన్ని కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి, అదీ చదవమనండి.

ఇక బరువు సంగతి. లెక్క మీకే బాగా తెలుసు, నేను అంకెలు మాత్రం ఇస్తాను. 30 అడుగుల క్యాంపర్‌లో కింగ్‌పిన్ నుంచి ఇరుసుల మధ్యకి సుమారు 19 అడుగులు, ఇరుసుల నుంచి వెనక హిచ్‌కి 9 అడుగులు అనుకోండి. పడవ ట్రైలర్ ముందు కొస హిచ్ మీద 100 పౌండ్లు మోపితే ముందు పిన్ మీద 47 పౌండ్లు తగ్గుతుంది, ఇరుసుల మీద 147 పెరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఇది ఏమంత కాదు, పిన్ మీద ఎలాగూ 2,000 పౌండ్ల చుట్టూ ఉంటుంది. చిక్కంతా కదిలేటప్పుడు. టెక్సస్ ఫ్రీవేలు చాలాచోట్ల కాంక్రీటువి. ప్రతి అతుకు దగ్గరా క్యాంపర్ తోక పైకి కిందికి కొడుతుంది. ఇరుసులకి 9 అడుగుల వెనక కొట్టే దెబ్బ చిన్నదేం కాదు. ఆ దెబ్బంతా పడవ ట్రైలర్ కొస మీదా, మీ వెల్డింగు అతుకు మీదా పడుతుంది. ఒక్క రోజులో విరగదు. వందల మైళ్లు పోయాక సన్నని గీతలా చీలిక మొదలవుతుంది, అప్పుడు మీ అబ్బాయి ముందు సీట్లో ఉంటాడు కాబట్టి చూడడు.

ఇంకొక మాట చెబితే నవ్వుతారేమో. ఆ ట్రక్కుకి పడవ కంటే మీరిద్దరే ఎక్కువ బరువు! పడవ దాని చక్రాల మీద అది నడుస్తుంది. మీరందరూ, కూలరూ, తొట్టిలో హిచ్ ప్లేటూ, పిన్ బరువూ మాత్రం ట్రక్కు వెనక ఇరుసు మీదే. ఫిఫ్త్‌వీల్‌కి పిన్ బరువు మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం ఉంటుంది. 11,000కి 20 శాతం వేసుకున్నా 2,200 పౌండ్లు. డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని రాసి ఉంటుంది. డీజిల్ ఇంజన్ ఉన్న, ముప్పావు టన్ను అని పిలిచే రకం ట్రక్కుల్లో (అది పేరే, మోసే బరువు కాదు) ఆ అంకె చాలామంది అనుకునేదాని కంటే తక్కువ. ఆ ఫొటో ముందు తెప్పించుకోండి. తరవాత అందరూ ఎక్కి, నిండు ట్యాంకుతో హైవే మీద ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించమనండి. మన వే బ్రిడ్జి లాంటిదే, ఇరుసుల వారీగా చీటీ ఇస్తారు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. టెక్సస్‌లో మూడు బండ్లు కలిపి వెళ్లొచ్చు, మొత్తం పొడవు 65 అడుగులు దాటకూడదు. ట్రక్కు 21, క్యాంపర్ 30, తొట్టి మీదికి వచ్చే ముక్కు కోసం 6 తీసేయండి, పడవ ట్రైలర్ కొస నుంచి మోటారు దాకా 17 లేదా 18. వెరసి 62, 63. దాటదు కానీ ఒరుసుకుంటూ పోతుంది. క్యాంపర్ మోడల్ నంబరులో ఉండే అంకె అసలు పొడవు కాదు, టేపు పెట్టి కొలవాలి. అన్నీ కలిపి 26,000 పౌండ్లు దాటడం లేదు కాబట్టి లైసెన్స్‌తో పేచీ లేదు. పడవ ట్రైలర్ చిన్నది, టెక్సస్‌లో దానికి విడిగా బ్రేకులు అక్కర్లేదు. ఓక్లహోమా కూడా డబుల్ టోయింగ్ ఒప్పుకుంటుంది, కానీ పొడవు పరిమితి ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, సరిహద్దు దాటేముందు వాళ్ల రవాణా శాఖ సైటు చూసుకోవాలి. ఫ్లోరిడా, జార్జియా, ఒరెగాన్, వాషింగ్టన్ అసలు ఒప్పుకోవు. కాలిఫోర్నియాలో మామూలు క్లాస్ సి లైసెన్స్‌తో ఒకదానికి మించి లాగకూడదు. మీవాడు ఎప్పుడైనా దూరం వెళ్లాలనుకుంటే ఇది గుర్తుండాలి.

నేను కుదరదన్నది మాత్రం వీటి వల్ల కాదు. క్యాంపర్ వెడల్పు 8 అడుగులు, పడవ వెడల్పు 5. అద్దంలో పడవ కనపడదు. ఒక్క అంగుళం కూడా! వెనక కెమెరా పెట్టుకోవచ్చు, నిజమే, పెట్టుకుని తీరాలి కూడా. కానీ 360 కిలోల ట్రైలర్‌కి టైరు పేలితే అంత పెద్ద డీజిల్ ట్రక్కు నడిపేవాడికి స్టీరింగ్‌లో ఏమీ తెలియదు. రిమ్ము మీద మైళ్లకొద్దీ ఈడ్చుకుపోతారు. పక్క బండివాళ్లు హారన్ కొట్టి చెయ్యి ఊపితే, స్నేహంగా పలకరిస్తున్నారనుకుని మనమూ చెయ్యి ఊపుతాం. టైర్లలో గాలి చూపించే సెన్సర్లు పడవ ట్రైలర్‌కి కూడా పెట్టకుండా మాత్రం కదలొద్దు.

మేం చివరికి చేసింది ఇది: మా ఆయన ట్రక్కుతో క్యాంపర్ లాగేవారు, నేను వెనక మినీవ్యాన్‌తో పడవ లాగేదాన్ని. మినీవ్యాన్లు మామూలుగా 3,500 పౌండ్ల దాకా లాగుతాయి, 800 దానికి లెక్కలోకి రాదు. పైగా క్యాంపర్ వెనకే ఉంటాను కాబట్టి ఆయనకి కనపడనివన్నీ నాకు కనపడేవి. ఏ టైరులో గాలి తగ్గింది, ఏ తలుపు తెరుచుకుంది, ఏ లైటు వెలగట్లేదు, అన్నీ వాకీటాకీలో చెప్పేదాన్ని. పాటలు కూడా నా ఇష్టం.

ట్రైలర్_తమ్ముడు (హొస్కోటె, బెంగళూరు)

ఫోర్‌మన్ అన్నా, మీ డిపో నుంచే నేను చెన్నై లైను తోలుతున్నా. అక్క చెప్పింది చదివా, అంతా కరెక్టే. రివర్స్ గురించి మీరు అడిగారు, ఎవరూ పూర్తిగా చెప్పలేదు, నేను చెబుతా.

బండికీ ట్రైలర్‌కీ మధ్య ఒక కీలు ఉంటే రివర్స్ తీయగలం. స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రైలర్ కుడికి పోతుంది, అలవాటైపోతుంది. రెండు కీళ్లు ఉంటే మీరు ఒకటి సరిచేసేలోపు రెండోది మడత పడిపోతుంది. పడవ ట్రైలర్ పొట్టిది కాబట్టి ఇంకా త్వరగా మడుచుకుంటుంది. మండ్య వైపు చెరకు సీజన్లో చూడండి, ట్రాక్టరుకి రెండు ట్రాలీలు కట్టి లాగుతారు. ఫ్యాక్టరీ దాకా ముందుకే పోతారు. ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు వెనక ట్రాలీ ఊడదీస్తారు, తరవాతే ఏదైనా. వాళ్లు కూడా రెండు తగిలించి వెనక్కి తీయరు అన్నా, పుట్టినప్పటి నుంచి అదే పని చేసేవాళ్లు.

మీవాడిది కూడా అదే లెక్క. వెనక్కి పోవాలంటే పడవ ఊడదీయాలి. సమతలంగా ఉంటే 360 కిలోలు ఇద్దరు నెట్టొచ్చు, కొస కింద చిన్న చక్రం జాకీ ఉంటుంది కదా. ఏటవాలు ఉంటే వద్దు, కంకర ఉంటే కదలదు. చక్రాల కింద దిమ్మలు పెట్టకుండా ఊడదీయొద్దు. పెట్రోల్ బంకులో ఎటు నుంచి వెళ్లి ఎటు నుంచి బయటపడతామో బంకులోకి తిరగకముందే చూసుకోవాలి. తిరిగాక చూస్తే లాభం లేదు. ఇంకోటి, ఇరుసుల వెనక 9 అడుగులు తోక ఉంది అన్నారు. మలుపు తిప్పినప్పుడు ఆ తోక బయటివైపు ఊగుతుంది, దాంతోపాటు పడవ కొస కూడా. పక్కన పంపు ఉంటే తగులుద్ది.

తిరిగొచ్చిన_పిట్ట

తమ్ముడు చెప్పింది బాగుంది. మండ్య ట్రాలీల సంగతి అప్పట్లో తెలిసుంటే మా ఆయనతో వాదన సగంలో ముగిసేది. బంకు విషయానికి వస్తే, ప్లేనో నుంచి 75 హైవే మీద ఉత్తరానికి పోతుంటే మెలిస్సా దగ్గర బకీస్ అనే పెద్ద బంకు ఉంది. దాని ఆవరణ పెద్దది, తిరగడానికి చోటుంటుంది. ఊళ్లో మూలమీద ఉండే చిన్న బంకుల జోలికి పోవద్దు. క్యాంప్‌గ్రౌండ్‌లో సైటు బుక్ చేసేటప్పుడు కూడా పుల్ త్రూ సైటు అడగమనండి. అంటే ఇటు నుంచి వచ్చి అటు పోయేది, వెనక్కి తీసే అవసరం ఉండదు. పడవ ట్రైలర్ పెట్టుకోవడానికి విడిగా చోటుందా అని కూడా ముందే అడగాలి. మేం డెనిసన్ దగ్గర ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్‌లో దిగేవాళ్లం. పడవ దింపే ర్యాంపు పార్కులోనే ఉంది, దూరం పోనక్కర్లేదు.

పులికాట్_గాలివాటం (చెన్నై)

నేను చెన్నైలో తిరువొత్తియూరు వైపు ఉంటాను. మాది చిన్న ఫైబర్ పడవ, జీపు వెనక ట్రైలర్ మీద పులికాట్ తీసుకెళ్తుంటాం. ఫిఫ్త్‌వీల్ గురించి నాకేం తెలియదు, పడవ ట్రైలర్ గురించి తెలుసు. అందరూ హిచ్ గురించే మాట్లాడుతున్నారు. నా అనుభవంలో దారిలో బండి ఆపేది హిచ్ కాదు, చక్రం బేరింగు.

పడవ ట్రైలర్ చక్రాలు చిన్నవి. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, హబ్ (బేరింగు కూర్చునే చక్రం మధ్య భాగం) వేడెక్కుతుంది. అలా వేడిగా ఉండగానే నీళ్లలోకి దింపామనుకోండి, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, సీలు పక్క నుంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. గ్రీజు పాలలా తెల్లబడుతుంది. తరవాతి ట్రిప్పులో బేరింగు అరిచి, కాలి, చక్రం ఊడొచ్చేదాకా వస్తుంది. మాది ఉప్పునీళ్లు కాబట్టి ఇంకా త్వరగా. వాళ్లవి మంచినీళ్లైనా సూత్రం అదే. కాబట్టి ర్యాంపు దగ్గరికి వెళ్లగానే దింపొద్దు. టీ తాగండి, తాళ్లు విప్పండి, లైఫ్ జాకెట్లు వేసుకోండి, ఈలోగా హబ్ చల్లబడుతుంది. లైట్ల వైరు ప్లగ్గు పీకాకే నీళ్లలోకి దించండి. దారిలో ఎక్కడ ఆగినా హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడే ఆగాలి. ఒక హబ్ సెట్టు, గ్రీజు గన్ను, సరైన స్పానరు, ఆ చిన్న చక్రానికి స్టెప్నీ బండిలో ఉండాలి. హైవే పక్కన ఆ సైజు టైరు దొరకడం కష్టం. ఇలాంటి ట్రైలర్ టైర్లలో చాలావాటి పరిమితి గంటకు 65 మైళ్లే, గోడ మీద చదువుకోండి. అక్కడి ట్రాఫిక్ 75లో పోతోందని మీరూ పోవద్దు.

మోటారు పైకి ఎత్తి కట్టేస్తే దాని బరువంతా పడవ వెనక చెక్క మీద ఊగుతుంది. మోటారుకీ ట్రైలర్‌కీ మధ్య ఆన్చే కడ్డీ దొరుకుతుంది, అది పెట్టండి. ముందు పడవని ట్రైలర్ మీదికి లాగే విన్చ్ పట్టీ ఒక్కటే నమ్మొద్దు, వెనక రెండు మూలలా పట్టీలు బిగించాలి. క్యాంపర్ వెనక గాలి సుడి తిరుగుతుంది. పడవలో దిండ్లు, డబ్బాలు వదిలేస్తే హైవే మీద పంచిపెట్టినట్టే.

పాత_ఫోర్‌మన్

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మా, మీరు చెప్పినట్టు పసుపు స్టిక్కర్ ఫొటో తెప్పించాను. 2,480 పౌండ్లు అని ఉంది. పిన్ బరువు 2,200, హిచ్ ప్లేటు 150 తీసేస్తే 130 పౌండ్లు మిగిలింది. మా ఆవిడ ఒక్కతి ఎక్కితే సరిపోయింది! ఈ మాట ఆవిడకి చెప్పలేదు. మావాడికి చెబితే కాసేపు ఫోన్లో మాట్లాడలేదు. అసలు వాళ్లు పోయిన ఏడాదంతా ఇద్దరు పిల్లలతో, సామానుతో తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు తూకం వేయించి వస్తానన్నాడు. క్యాంపర్ ట్యాంకులో నీళ్లు ముందే నింపుకుని వెళ్లకుండా, దిగే చోటే పట్టుకోమన్నాను. ఆ నీళ్ల ట్యాంకు క్యాంపర్‌లో ఏ చోట ఉందో కూడా చూడమన్నా, పిన్ బరువు దాన్ని బట్టి కూడా మారుతుంది కదా.

వెల్డర్ దగ్గరికి వెళ్లొద్దని చెప్పేశాను. క్యాంపర్ అడుగు కూడా వీడియోలో చూశాను. మీరన్నట్టే చివరి 4 అడుగులు వేరే ముక్క అతికించారు. అతుకు పైకి బాగానే కనిపిస్తోంది, కానీ ఆ పలచటి ముక్క మీద రోజూ సుత్తి దెబ్బల్లాంటివి తినిపించే పని నేనైతే చేయను.

ఒక సందేహం మిగిలింది. రెండు కార్ల పద్ధతికి మా కోడలు ఒప్పుకుంది. తన దగ్గర మినీవ్యానే ఉంది. మేమిద్దరం కూడా ఆ బండిలోనే కూర్చుంటే ట్రక్కు మీద బరువు కూడా తగ్గుతుంది. అయితే టెక్సోమాలో రెండు రోజులుండి, అదే పడవ మర్నాడు బ్రోకెన్ బోలో దింపొచ్చా? మావాడు ఏదో గవ్వల గొడవ అన్నాడు, నాకు అర్థం కాలేదు.

తిరిగొచ్చిన_పిట్ట

అంకెలు చూశారుగా! మీ ఇద్దరూ మినీవ్యాన్‌లో ఎక్కడం మంచి ఆలోచన, కోడలికి కబుర్లకి మనుషులూ ఉంటారు. కాకపోతే మినీవ్యాన్‌కి కూడా తలుపు చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, అదీ చదవమనండి. పడవ ట్రైలర్ మోపే 100 పౌండ్లు ఈసారి ఆ లెక్కలోకి వస్తాయి.

గవ్వల గొడవ నిజమే. జీబ్రా మసెల్ అని గోరంత ఆల్చిప్ప. టెక్సస్‌లో మొదట దొరికింది టెక్సోమాలోనే, 2009లో. వాటి పిల్లలు కంటికి కనపడవు, పడవ అడుగున నిలిచిన చెంబెడు నీళ్లలో కూడా వేరే చెరువుకి ప్రయాణం చేస్తాయి. వెళ్లినచోట పైపులకీ మోటార్లకీ గుత్తులు గుత్తులుగా పట్టేస్తాయి. అందుకే ర్యాంపు నుంచి బయటికి వచ్చేటప్పుడు పడవలో నీళ్లన్నీ వదిలెయ్యాలని టెక్సస్ చట్టం. వెనక బిరడా తీసేయాలి, చేపల తొట్టి ఖాళీ చేయాలి, మోటారు కిందికి దించి అందులో నీళ్లు కారిపోనివ్వాలి. బకెట్‌లో బతికున్న ఎర చేపలు ఉంటే ఆ నీళ్లూ పారబోయాలి. తరవాత అడుగంతా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడానికి ఒక్క రాత్రి చాలదు. కాబట్టి టెక్సోమా నుంచి లేచి మర్నాడు బ్రోకెన్ బోలో దింపడం నేనైతే చేయను. పడవ టెక్సోమా దాకే ఉంచుకోండి. బ్రోకెన్ బోలో కావాలంటే బెళ్లందూర్ అబ్బాయి చెప్పినట్టు అద్దెకి తీసుకోండి.

బెళ్లందూర్_బాటసారి

నేను మొదటి రోజే చెప్పాను కదా అక్కా!

తిరిగొచ్చిన_పిట్ట

చెప్పావు నాన్నా, కానీ కారణం చెప్పలేదు.

పాత_ఫోర్‌మన్

సరే, టెక్సోమా వరకే పడవ. ఇంకేమైనా కొనాల్సినవి ఉంటే చెప్పండి, వాడికి లిస్టు పంపుతాను. మినీవ్యాన్‌కి హిచ్ కంపెనీదే ఉందట, వైరింగు కూడా ఉందట.

తిరిగొచ్చిన_పిట్ట

ట్రక్కుకి కూడా వెనక రిసీవర్‌లో పెట్టుకునే బంతి (ట్రైలర్ కొస కూర్చునేది) ఒకటి ఉంచుకోమనండి. ర్యాంపు తడిగా, నాచు పట్టి ఉంటే మినీవ్యాన్ ముందు చక్రాలు జారతాయి. క్యాంపర్ సైటులో వదిలేశాక ట్రక్కుతోనే పడవ దింపడం మేలు. ట్రక్కు ఎత్తు, మినీవ్యాన్ ఎత్తు ఒకటి కాదు కాబట్టి బంతి పట్టుకునే కడ్డీ దేనిది దానికి వేరే కొనాలి, ట్రైలర్ నేలకి సమంగా నిలవాలి. బ్రేక్‌డౌన్ అయితే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ ప్లానులో పడవ ట్రైలర్ కూడా ఉందో లేదో చూసుకోమనండి. చాలా ప్లానుల్లో కారు ఒక్కటే ఉంటుంది.

పులికాట్_గాలివాటం

బంతి సైజు మర్చిపోకండి ఫోర్‌మన్ గారూ. అక్కడ చిన్న పడవ ట్రైలర్లకి రెండు రకాలు నడుస్తాయి, ఒకటి ఒకటీ ఏడెనిమిదోవంతుల అంగుళం, అంటే 1⅞, రెండోది 2 అంగుళాలు. తేడా కంటికి ఆనదు. ట్రైలర్ కొసకి ఉండే 2 అంగుళాల టోపీ చిన్న బంతి మీద కూడా కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది, ఊరు దాటాక మొదటి గుంతలో ఎగిరి ఊడిపోతుంది. టోపీ మీద సైజు పోతపోసి ఉంటుంది, బంతి నెత్తి మీద కూడా. రెండూ చదివి సరిపోల్చాకే గొళ్లెం వేయమనండి. గొళ్లెం పడ్డాక కొస కింద జాకీ తిప్పి కారు వెనక భాగం కాస్త లేచేదాకా ఎత్తి చూడాలి. సరిగ్గా పట్టుకుంటే కారు లేస్తుంది, లేకపోతే టోపీ ఒక్కటే పైకి వస్తుంది. సేఫ్టీ చైన్లు రెండూ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా తగిలించండి. ఒకవేళ ఊడినా కొస రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ చైన్ల ఉయ్యాల్లో పడుతుంది.